ప్రయాణ పురస్కారానికి వదిన సిఫారసు

వదినగారికి,

కాంటాక్ట్ లెన్సు అధ్యాపకుల సంఘం, ప్రయాణ పురస్కారాల విభాగం నుంచి నమస్కారం.

ఆప్టోమెట్రీ కళాశాలలో కాంటాక్ట్ లెన్సుల పాఠం చెబుతున్న మీ ఆడపడుచుగారు మా సంఘం ఇచ్చే ప్రయాణ పురస్కారానికి దరఖాస్తు పెట్టుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇది కొత్త అధ్యాపకుల కోసం పెట్టిన పురస్కారం. ఎంపికైనవారిని మా ఖర్చు మీద ఏటా జరిగే శిక్షణ సమావేశానికి పిలిపించి, లెన్సుల పాఠం ఎలా చెప్పాలో పెద్దల చేత నేర్పించి పంపుతాం.

మా నిబంధన ప్రకారం, దరఖాస్తుదారు దగ్గర ఏదో ఒకటి నేర్చుకున్న మనిషి ఒకరు ఆమె బోధన గురించి మాకు ఉత్తరం రాయాలి. ఆ మనిషి తోటి ఉద్యోగి కాకూడదు, కళాశాల విద్యార్థి కాకూడదు. "ఎవరైనా ఒకరు" అని ఉన్న గడిలో మీ ఆడపడుచుగారు "ఇంకెవరు, మా వదినే" అని రాశారు.

కనుక ఆమె ఎలా బోధిస్తారో, మీరు ఏం నేర్చుకున్నారో దాపరికం లేకుండా రాయగలరు. మీ ఉత్తరంలో ఏముందో ఆమెకు చెప్పకూడదు. అది కూడా నిబంధనే.

ఇట్లు,
సహాయ కార్యదర్శి

తా.క. ఒక్కో పురస్కారం మీద ఒక్కరే రావాలి. కిందటేడు ఒకాయన మామగారినీ, మామగారి మడతమంచాన్నీ వెంటబెట్టుకొచ్చారు. మంచం ఇంకా మా వరండాలోనే ఉంది.

*

సహాయ కార్యదర్శిగారికి,

దరఖాస్తుదారు వదిన నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది. నేను ఏ సంగతైనా మొదటి నుంచి వరసగా చెప్పే మనిషిని, కాబట్టి విసుక్కోకుండా చదవండి.

మా ఆడపడుచుకు మీ పురస్కారం ఎందుకు కావాలో ముందు చెప్పేస్తాను. వాళ్ళ ప్రిన్సిపాలుగారు ఆమెను పిలిచి, "అమ్మా, లెన్సుల పాఠం చెప్పేవాళ్ళకు ఆ శిక్షణ ఉండి తీరాలట. వచ్చే టర్ము లోపల వెళ్ళొస్తే సరే. లేకపోతే క్లాసు ఇంకొకరికి ఇచ్చి, నిన్ను కింద కళ్ళజోళ్ళ కౌంటర్లో కూర్చోబెడతాను" అన్నారు. పంపడానికి కళాశాల దగ్గర చిల్లిగవ్వ లేదట. ఆ కౌంటర్లో పనేమిటంటే, వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము పెట్టి "చాలా బాగుందండీ" అనడం. మా పిల్లకు లేనిది ఉన్నట్టు చెప్పడం రాదు. పాఠం చెప్పకపోతే అన్నం సహించదు. కాబట్టి మీ పురస్కారం ఆమెకు సరదా కాదు, బతుకు.

ఇక ఆమె బోధన. ఇంట్లో అందరం ఆమెను పంతులమ్మ అంటాం. నేను కాపురానికి వచ్చేసరికి ఆమెకు ఆరేళ్ళు. కాళ్ళు కడుక్కుని లోపలికి అడుగుపెట్టానో లేదో, నన్ను గోడకు ఆనించి నిలబెట్టి పదమూడో ఎక్కం అప్పజెప్పమంది. తప్పు చెప్పాను. మళ్ళీ చెప్పించింది. అప్పటినుంచి ఇరవై ఏళ్ళుగా ఆగకుండా బోధిస్తూనే ఉంది. నాకు సైకిలు నేర్పింది. మా ఆయనకు చొక్కాలు మడతపెట్టడం నేర్పింది, అది మా అత్తగారి వల్ల కూడా కాలేదు. పక్కింటి పిల్లి మా వంటింటి గుమ్మం దగ్గర ఆగి, పిలిస్తేనే లోపలికి వస్తుంది.

నాకు దూరపు చూపు బాగా తక్కువ. ఇప్పుడు ఆమె పెట్టిన లెన్సులతో బస్సు మలుపు తిరిగేలోపు నంబరు చెప్పేస్తున్నాను. ఒక్క మాటలో చెప్పాలంటే ఆమెకు తెలియనిది లేదు. ఇక కొత్తగా నేర్చుకోవలసింది కూడా ఏమీ లేదు. ఇంతకంటే తగిన మనిషి మీకు దొరకరు.

ఇట్లు,
మంచి కబురు వస్తుందన్న ధైర్యంతో,
వదిన

తా.క. సమావేశంలో మీ పెద్దలకు తెలియనివి ఏమైనా ఉంటే మొహమాటపడవద్దని చెప్పండి. మా పంతులమ్మ తీరిక చేసుకుని చెప్పి వస్తుంది.

*

వదినగారికి,

నమస్కారం పెట్టడానికి కూడా చేతులు రావడం లేదు. అయినా నమస్కారం.

మీ ఉత్తరం కమిటీ ముందు చదివాను. ఇది కొత్త అధ్యాపకుల పురస్కారం. బోధన మొదలుపెట్టి మూడేళ్ళు దాటకూడదు. మీ ఆడపడుచుగారు ఒక్క ఏడాదే అని రాశారు. మీరు ఇరవై ఏళ్ళు అంటున్నారు. ఇంత తేడా మా విభాగం ఇంతవరకూ చూడలేదు.

పోనీ అదేదో సర్దుకుందామంటే, ఆమె నేర్చుకోవలసింది ఏమీ లేదని కూడా మీరే రాశారు. "మరి రావడం ఎందుకు?" అని ఒక సభ్యుడు అడిగారు. మా అధ్యక్షురాలు మాత్రం పదమూడో ఎక్కం గొణుక్కున్నారు.

ప్రస్తుతానికి దరఖాస్తును తిరస్కరించేవాటి కట్టలో పెట్టాం. కట్టకు ఇంకా తాడు బిగించలేదు. ఆమె నిజంగా కొత్త మనిషేననీ, ఇంకా పొరపాట్లు చేస్తారనీ, నేర్చుకోవలసింది ఉందనీ చూపించగలిగితే వెంటనే రాయండి.

ఇట్లు,
దిగ్భ్రాంతితో,
సహాయ కార్యదర్శి

తా.క. నేను ఈ విభాగానికి కొత్త. నిన్నమొన్నటి దాకా హాళ్ళూ కుర్చీలూ అద్దెకు మాట్లాడే పని చూశాను. కళ్ళ సంగతులు ఏమీ తెలియవు. నాలాంటివాడికి కూడా అర్థమయ్యేలా విడమరిచి రాయండి.

*

సహాయ కార్యదర్శిగారికి,

వదిన నమస్కారాలు, క్షమాపణలు కూడా.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పొయ్యి మీద గిన్నె మాడి, వాసన వచ్చేదాకా నాకు తెలివి రాలేదు. పిల్లను పొగిడి దాని నోటి దగ్గర కూడు నేనే లాగేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. పాత ఉత్తరం చించేసి, దీన్నే నమ్మండి.

మా పంతులమ్మ శుద్ధ కొత్త. ఆమె చేసిన పొరపాట్లన్నీ వరసగా రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "వదినా, కదలకు, ఏమీ కాదు" అంది. అయింది. గట్టి రకం లెన్సు వేలికొసన పెట్టుకుని, రెప్పలు రెండూ విడదీసి కంట్లో పెట్టింది. పెట్టాక చూస్తే లెన్సు లేదు. నేనూ ఆమే మా ఆయనా మోకాళ్ళ మీద పాకుతూ గదంతా వెతికాం. మా ఆయన మంచం కింద తన పాత దువ్వెన దొరికిందని సంతోషించారు. తీరా అది నా పై రెప్ప కిందే ఉంది. చిన్న రబ్బరు డొప్ప ఒకటి ఉంటుంది. దాన్ని లెన్సుకు అతికించి లాగింది. టప్పుమని వచ్చింది.

ఇంకోరోజు, లెన్సు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలని కంట్లో రంగు వేసింది. గది చీకటి చేసి నీలం దీపం వేస్తే ఆ రంగు పచ్చగా మెరుస్తుంది. అదే సమయానికి మా ఆయన పని నుంచి వచ్చారు. చీకట్లో నా రెండు కళ్ళూ పచ్చగా వెలుగుతూ, చెంపల మీద పచ్చటి కన్నీళ్ళు కారుతూ కనిపించాయి. చేతిలో సంచీ వదిలేసి గుమ్మంలోనే చతికిలబడ్డారు. "ఎవరు నువ్వు?" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు అడిగారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం విద్యార్థులను కూడా ఇంటికి తీసుకొస్తోంది. కళాశాలలో ప్లాస్టిక్ తలకాయ ఒకటి ఉందట, దానికి రబ్బరు కళ్ళు. అది రెప్ప వేయదు, ఉలిక్కిపడదు, తిట్టదు. అందుకని నా కళ్ళు. తెరలు వేసి నన్ను మధ్యలో కూర్చోబెడతారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి రెప్పలు పట్టుకుంటారు. ఒకడికి చెయ్యి వణుకుతుంది. ఒకమ్మాయికి నాకంటే ముందు తనకే ఏడుపొస్తుంది. ప్రతిసారీ నాకు ఎలా ఉందో పైకి చెప్పి, పదికి ఇన్ని అని నేను మార్కులు వేయాలి.

చూశారుగా, ఎన్ని లోపాలో. దయచేసి కట్టలోంచి బయటకు తీయండి.

ఇట్లు,
కళ్ళు రెండూ బాగానే ఉన్న
వదిన

తా.క. కిందటి ఆదివారం ఒక కుర్రాడి గోరు తగిలింది. నా కాలు కూడా అతనికి తగిలింది. ఇద్దరం క్షమించుకున్నాం.

*

వదినగారికి,

ఇది కార్యాలయం ఉత్తరం కాదు. సాటి మనిషిగా రాస్తున్నాను.

రబ్బరు డొప్ప దగ్గరకు వచ్చేసరికి నేను లేచి కిటికీ పక్కన నిలబడ్డాను. "టప్పుమని" అన్న మాట దగ్గర కూర్చున్నాను. పచ్చటి కన్నీళ్ళ దగ్గర మా ప్యూను మంచినీళ్ళు తెచ్చాడు. ఆ రోజు నేను భోజనం చేయలేదు. రాత్రి మా ఆవిడ నా వైపు చూస్తే వద్దన్నాను.

అమ్మా, విడమరిచి రాయమన్నది నేనే, కాదనను. కానీ నేను అడిగింది పొరపాట్లు. మీరు రాసింది నేరం. ఒక మనిషిని చీకటి గదిలో కూర్చోబెట్టి గుంపుగా వచ్చి కళ్ళలో వేళ్ళు పెట్టడం ఏ చదువులో ఉంది? మీరు ఒప్పుకునే కూర్చుంటున్నారా? కుర్చీలోంచి లేవాలనుకుంటే లేవనిస్తారా? మీవారు గుమ్మంలో చతికిలబడ్డాక అయినా ఎవరికీ చెప్పలేదా?

మీరు రాసే ఉత్తరాలు ఇంట్లో ఎవరైనా చదువుతారేమోనన్న అనుమానం కూడా నాకుంది. అందుకే ఒక ఉపాయం చెబుతాను. మీకు ఆపద ఉంటే ఆ మాట రాయకండి. తర్వాతి ఉత్తరంలో వాన గురించి రాయండి. నాకు అర్థమవుతుంది. మిగతాది నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ క్షేమం కోరే
సహాయ కార్యదర్శి

తా.క. దీన్ని చదవగానే చించేయండి. మింగాల్సిన అవసరం లేదు.

*

సహాయ కార్యదర్శిగారికి,

వదిన మళ్ళీ నమస్కరించి రాస్తున్నది.

మీ దగ్గర నుంచి జవాబు లేదు. గేటు చప్పుడైతే చాలు, పరిగెత్తి చూస్తున్నాను. పొరపాట్లు ఎక్కువ రాశానేమోనని ఒక భయం, చాలలేదేమోనని ఇంకో భయం. అందుకని ఇంకో నాలుగు మాటలు.

ఇది వంటింట్లో అలమారా వెనక పీట వేసుకుని రాస్తున్నాను. పంతులమ్మకు తెలియకూడదు కదా. ఇందాక వచ్చి, "ఏం రాస్తున్నావు వదినా?" అంది. "సరుకుల చీటీ" అన్నాను. "ఇంత పొడుగా?" అంది. ఆమె అటు వెళ్ళేదాకా కాగితం చెంగు కింద దాచి, మళ్ళీ మొదలుపెట్టాను.

ఆదివారం మళ్ళీ క్లాసు ఉంది. ఈసారి ఇంకో ఇద్దరిని ఎక్కువ తీసుకొస్తానంది. కుర్చీకి తల కదలకుండా పట్టుకునే పట్టీ కూడా కొత్తగా బిగించింది. నా మెడ నొప్పి పుట్టకుండా ఉండటానికట. నిజంగానే నొప్పి తెలియడం లేదు. ఆమె మనసు మంచిది, కార్యదర్శిగారూ. మీరు ఆమెను పిలిపించుకుంటే ఎంత బాగుంటుందో నేను మాటల్లో చెప్పలేను.

ఇక్కడ ఒకటే వాన. నిన్న పొద్దున పట్టుకుంది, వదలడం లేదు. బట్టలు ఆరడం లేదు.

ఇట్లు,
మీ జవాబు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని,
వదిన

తా.క. ఇంత వాన నా జన్మలో చూడలేదు. ఎప్పుడు తగ్గుతుందో, అసలు తగ్గుతుందో లేదో.

*

వదినగారికి,

అందింది. అర్థమైంది. నా ఉత్తరం అందనట్టు రాయడం కూడా మంచి ఉపాయమే. తా.క.లో కూడా రాశారంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో అర్థమైంది.

ధైర్యంగా ఉండండి. మా అధ్యక్షురాలికి అంతా చెప్పాను. ఆవిడ పెద్దావిడ, ఎవరికీ జడవరు. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. మీరు ఏమీ తెలియనట్టే ఉండండి. పట్టీ బిగిస్తే ఎదురు తిరగకండి.

ఇట్లు,
దారిలో ఉన్న
సహాయ కార్యదర్శి

తా.క. వీలైతే కుర్చీని వీధి తలుపు వైపు తిప్పించుకోండి. ఎందుకంటే చెప్పకండి.

*

సహాయ కార్యదర్శిగారికి,

వదిన నమస్కారాలు. మీ నడుము ఎలా ఉంది?

మీవి రెండు ఉత్తరాలూ ఇవాళ సోమవారం ఒకేసారి అందాయి. నా ఉత్తరం పోవడానికి అడ్డురాని వాన, మీవి రావడానికి మాత్రం అడ్డొచ్చింది. రెండూ వరసగా చదివి, పీట మీద కూర్చుని, మళ్ళీ చదివాను. నేను వాన అని రాసింది వాన పడుతోంది కాబట్టి. మా ఇంటి వెనక గోడ కూడా కొంచెం కూలింది.

నిన్న మీరు సగమే చూశారు. తర్వాత ఏం జరిగిందో మీకు తెలియదు కనుక వరసగా రాస్తున్నాను.

తలుపు తట్టేసరికి నేను కుర్చీలో ఉన్నాను. తలకు పట్టీ, కళ్ళలో రంగు. పంతులమ్మ లోపల లెన్సులు కడుగుతోంది. ఒక విద్యార్థిని తలుపు తీసింది. గుమ్మంలో తెల్లజుట్టు పెద్దావిడ, ఆవిడ వెనక గొడుగుతో మీరు. "భయపడకండమ్మా, మేం వచ్చేశాం" అన్నారు. ఎవరా అని మీ వైపు చూశాను. సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు నీలం దీపం నా మొహం మీద వేశాడు. మీరు పాపం అరవనైనా లేదు. నిలువునా వెనక్కి వాలి చెప్పుల స్టాండు మీద పడ్డారు.

ఇద్దరు పిల్లలు మిమ్మల్ని ఎత్తి, బూట్లు విప్పి, పక్క గదిలో పడుకోబెట్టారు. పెద్దావిడ మాత్రం మీ వైపు తిరిగైనా చూడకుండా నా దగ్గరకు వచ్చి, నా కంట్లోకి వంగి చూసి, "కింది అంచు దగ్గర లెన్సు కాస్త బిగువుగా ఉంది" అంది. పంతులమ్మ ఇంకో ఇద్దరిని తెస్తానంది కదా, వాళ్ళలో ఒకరనుకున్నాను. ఈ వయసులో చదువుకోవడానికి వచ్చిందే అని ముచ్చటేసింది.

"ముందు చేతులు కడుక్కోండి, తర్వాత మాట్లాడండి" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసి, వెళ్ళి కడుక్కుని వచ్చింది. గోళ్ళు చూపించమన్నాను. చూపించింది. తర్వాత లెన్సు తీసి, ఇంకోటి పెట్టింది. పిల్లలందరూ గోడకు అతుక్కుపోయి ఉన్నారు.

"చెయ్యి మెత్తన" అన్నాను నేను. "కానీ పై రెప్ప తొందరగా వదిలేశారు. ఊపిరి నా మొహం మీదే వదిలారు. పదికి ఏడు. మొదటిసారికి అంత వేయను. పెద్దవాళ్ళు కదా అని వేశాను."

వెనక ఒక పిల్ల పాఠ్యపుస్తకం తిప్పి అట్ట మీది ఫొటో చూస్తోంది, ఆవిడను చూస్తోంది, మళ్ళీ అట్ట చూస్తోంది. అప్పుడే పంతులమ్మ లెన్సుల డబ్బా పట్టుకుని లోపలి నుంచి వచ్చి అక్కడే కొయ్యబారిపోయింది.

"వదినా, ఎవరికి మార్కులు వేస్తున్నావు?"

"కొత్తగా చేరినావిడకు. ఫరవాలేదు, పనికొస్తుంది."

"ఆ పుస్తకం రాసింది ఆవిడే."

నాకు కుర్చీలోంచి లేద్దామంటే పట్టీ అడ్డొచ్చింది.

పెద్దావిడ పంతులమ్మను అడిగింది, "ఈ మార్కుల పద్ధతి ఎవరిది?" అని. పంతులమ్మ డబ్బా కింద పెట్టి, "నాదేనండీ. రబ్బరు కన్నుకు ఏమీ తెలియదు. కూర్చున్నవాళ్ళు పైకి చెబితేనే పిల్లల చెయ్యి కుదుటపడుతుందని..." అని ఆగిపోయింది. ఆవిడ "ఊఁ" అంది. అంతే. మిమ్మల్ని లేపి, చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత పిల్లలందరూ ఒక్కొక్కరే జారుకున్నారు. పంతులమ్మ నా ఎదురుగా కూర్చుంది. "వదినా, నువ్వు వాళ్ళకు ఏం రాశావు?" అంది. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారే ఆపింది.

"పిల్లి సంగతి కూడానా?"

"అది మొదటి ఉత్తరంలోనే."

లేచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. పొద్దున చూస్తే అద్దం ముందు నిలబడి "చాలా బాగుందండీ" అని అలవాటు చేసుకుంటోంది. నాలుగైదు రకాలుగా అంది. ఒక్కటీ నమ్మేలా లేదు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. నా కళ్ళలో ఎందరు వేళ్ళు పెట్టినా రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి.

కార్యదర్శిగారూ, నా ఉత్తరాలన్నీ తగలబెట్టండి. నన్ను ఏమైనా అనండి. వదిన రాత చూసి పిల్లను తూచకండి. ఆ కుర్చీలో నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. ప్రతి ఆదివారం నేనే వెళ్ళి కూర్చుంటాను. ఎందుకంటే ఆ పిల్లలు వచ్చిన మొదటి వారానికీ నాలుగో వారానికీ తేడా నా కంటికి తెలుస్తుంది. అది చూడటం నాకు ఇష్టం.

ఇట్లు,
ఏం చేయాలో తోచని
వదిన

తా.క. మీ ఎడమ బూటు మా ఇంట్లోనే ఉంది. మీరు వేసుకెళ్ళిన ఎడమది మా ఆయనది. ఆయన ఇవాళ మీ దానితోనే పనికి వెళ్ళారు, హాయిగా ఉందంటున్నారు.

*

వదినగారికి,

నమస్కారం. నడుము కుదుటపడుతోంది. బూటు మీవారినే ఉంచుకోమనండి.

కిందటి వారం కమిటీ సమావేశమైంది. నిర్ణయాన్ని ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నిబ్బరంగా చదవండి.

మీ ఆడపడుచుగారికి ప్రయాణ పురస్కారం ఇవ్వడం లేదు.

ఇక్కడ ఆగిపోకండి. మీరు ఆగిపోతారని నాకు తెలుసు. కింద కూడా ఉంది.

అధ్యక్షురాలు సమావేశంలో లేచి నిలబడి మాట్లాడారు. ఆవిడ నిలబడి మాట్లాడగా నేను చూడటం ఇదే మొదలు. "నేను బతికున్న మనిషి కంట్లో లెన్సు పెట్టి చాలా ఏళ్ళయింది. పాఠాలు చెబుతున్నాను, పుస్తకాలు రాస్తున్నాను, ఎదురుగా ఉన్నది మాత్రం రబ్బరు కన్నే. అది ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా ఊపిరి గురించి చెప్పలేదు. ఆ అమ్మాయి ఏడాదిలో కనిపెట్టిన పద్ధతి మన సమావేశంలో లేదు. ఆమెను ఇక్కడికి పిలిచి మనం నేర్పేది ఏముంది?" అన్నారు. "మరి రావడం ఎందుకు?" అని మొదట్లో అడిగిన సభ్యుడే ఈసారి, "నిజమే, రావడం ఎందుకు?" అన్నారు.

కనుక ఈ ఏడు శిక్షణ సమావేశం మా ప్రధాన కార్యాలయంలో జరగడం లేదు. మీ ఆడపడుచుగారి కళాశాలలో జరుగుతుంది. పాఠం చెప్పేది ఆమె. ఆ మేరకు ప్రిన్సిపాలుగారికి అధ్యక్షురాలి సంతకంతో ఉత్తరం వెళ్ళింది. శిక్షణ ఇచ్చే మనిషికి శిక్షణ లేదనడం ఎలాగో తెలియడం లేదని ఆయన జవాబు రాశారు. కౌంటరు మాట ఇక ఎత్తరు. ఆమె అద్దం ముందు నిలబడటం మానేయవచ్చు.

ఎటొచ్చీ, నిబంధన ప్రకారం ప్రయాణ పురస్కారం ప్రయాణం చేసేవాళ్ళకే. మీ ఆడపడుచుగారు ఇంటి నుంచి కళాశాలకు నడిచి వెళతారు కనుక ఆమెకు ఇవ్వడం కుదరలేదు. దరఖాస్తు పెట్టుకున్న మిగతా కొత్త అధ్యాపకులు పదకొండు మందికీ ఇచ్చేశాం. ఉపన్యాసాలు కళాశాల హాల్లో, చేతి పని మాత్రం మీ ముందు గదిలో, మీ కుర్చీ దగ్గర. పదకొండు మంది, ఒక్కొక్కరికి మీ రెండు కళ్ళూ. అందరికీ మార్కులు మీరే వేయాలి.

అధ్యక్షురాలు ఒకరోజు ముందుగానే వస్తారు. మీరు వేసిన ఏడు మార్కులు ఆవిడకు నిద్ర పట్టనివ్వడం లేదట. రెండో కంటి మీద ఇంకో అవకాశం ఇవ్వమంటున్నారు.

ఇట్లు,
పక్క గదిలో పడుకోవడానికి నా మడతమంచం నేనే తెచ్చుకునే
సహాయ కార్యదర్శి

తా.క. పదకొండు మందికీ టిక్కెట్లు కొనేశాను. హాలు మాట్లాడాను, కుర్చీలు మాట్లాడాను, భోజనాలు మాట్లాడాను. ఉత్తరం కవరులో పెట్టి జిగురు రాస్తుంటే గుర్తొచ్చింది, ఇదంతా మీకు ఇష్టమేనా అని ఎవరమూ అడగలేదు.